గ్రహణం విడిచిన మర్నాడు

గర్భసంచి పిడికిలంత ఉంటుంది. తూకం వేస్తే ఒక జామకాయ బరువుకు మించదు. అలాంటి గర్భసంచి ఒకటి, నాది కానిది, ఆరేళ్ళుగా నేను మోస్తున్నాను.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళకు చెప్పే ధైర్యమే ఉంటే ఇన్నేళ్ళు ఎందుకు ఆగుతాను? నా భర్తకు తెలియదు. మా అమ్మకు సగం తెలుసు, కానీ తనకు తెలిసింది ఇందులో సగమని ఆమెకు తెలియదు. పేర్లు మారుస్తున్నాను. ఆమెను పద్మ అందాం. నా పేరు మీకు అక్కర్లేదు.

నరసరావుపేటలో, పిల్లలు లేనివాళ్ళు వచ్చే ఒక ఆసుపత్రిలో నేను ల్యాబు పని చేస్తాను. డాక్టర్ని కాను. అండాన్నీ వీర్యకణాన్నీ గాజు పళ్ళెంలో కలిపి, వచ్చిన పిండాన్ని కొన్నాళ్ళు పెంచి, అది తల్లి గర్భంలోకి వెళ్ళేదాకా కనిపెట్టుకుని ఉండటం నా ఉద్యోగం. మాచర్ల నుంచి, గురజాల నుంచి, క్రోసూరు నుంచి పొద్దున్నే బస్సెక్కి వస్తారు ఆడవాళ్ళు. సాధారణంగా పక్కన అత్తగారు ఉంటుంది. నేను బయటికి వస్తే చాలు, అందరూ నా మొహం వంక చూస్తారు. లోపల వాళ్ళ పిల్లలు ఎలా ఉన్నారో నాకొక్కదానికే తెలుసని వాళ్ళ నమ్మకం. నిజమే, నాకే తెలుసు. ఆ చూపులు నాకు బాగుండేవి. దాచుకోవడం దేనికి, చానా బాగుండేవి.

పద్మది కారంపూడి దగ్గర ఒక ఊరు. మిర్చీ పత్తీ వేసే పెద్ద ఇంటి చిన్న కోడలు. బావగారు సర్పంచి. పెళ్ళై ఎనిమిదేళ్ళు. అప్పటికే రెండుసార్లు పిండం పెట్టాం. రెండుసార్లూ నిలవలేదు. ఆమెది ఇంకొక్క పిండమే మిగిలింది, గడ్డకట్టించి మా నైట్రోజన్ ట్యాంకులో. మళ్ళీ అండాలు తీయడానికి ఆమె ఒంట్లో పెద్దగా ఏం లేవు. ఆ ఒక్కటే.

ఇక్కడ కొంచెం నా పని గురించి చెప్పాలి. చెప్పకపోతే నేను చేసిందేమిటో మీకు అర్థం కాదు.

గర్భం లోపలి పొర మామూలు రోజుల్లో దేన్నీ అంటుకోనివ్వదు. దాని మీద చక్కెర, ప్రొటీన్ కలిసిన ఒక జిగురు పూత ఉంటుంది. జిగురంటున్నాను గానీ అది అంటించదు, జారగొడుతుంది. ప్రొజెస్టిరాన్ అనే హార్మోను కొన్నాళ్ళు పనిచేశాక ఆ పూత అక్కడక్కడా తొలగిపోతుంది. కణాల పైన చిన్న చిన్న బుడిపెలు లేస్తాయి. పిండాన్ని పట్టుకునే ప్రొటీన్లు, ఇంటెగ్రిన్లు అంటాం, బయటికి వస్తాయి. రమ్మని పిలిచే సంకేతాలు మొదలవుతాయి. పిండం తన పెంకును చీల్చుకుని బయటపడి, ఆ పొర మీద దొర్లుతూ, ఒకచోట ఆగి, అతుక్కుని, ఆ పైన తొలుచుకుంటూ లోపలికి దిగిపోతుంది. తల్లి రక్తనాళాలను తెరుస్తుంది. పరాయిదాన్ని చంపాల్సిన కాపలా కణాలు అక్కడే గుంపుగా నిలబడి, సగం పరాయిదైన ఈ ఒక్కదానికి దారి విడుస్తాయి. మనం ఎంత ముద్దుగా చెప్పుకున్నా, కడుపు పండటం లోపల ఒక గాయంతోనే మొదలవుతుంది. ఆ గాయానికి ఒళ్ళు ఒప్పుకునే వేళ ఒకటుంది. ఒకటి రెండు రోజులు, అంతే. ఆ తర్వాత పొర మళ్ళీ మూసుకుంటుంది. ఎంత మంచి పిండమైనా సరే, ఆ పైన దొర్లి దొర్లి కరిగిపోతుంది.

దీన్ని పుస్తకంలో గర్భాశయ గ్రహణశక్తి అంటారు. ఆ గ్రహణం అనే మాటే నన్ను ఇప్పటికీ పీడిస్తుంది.

రెండుసార్లు పోయాక మా డాక్టరుగారు పద్మ గర్భం పొరలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపించారు. ఏ జన్యువులు పలుకుతున్నాయో, ఏవి మూగగా ఉన్నాయో చూసే పరీక్ష అది. తేలిందేమిటంటే, అందరికన్నా ఒక రోజు ముందే ఆమె పొర తెరుచుకుంటోంది, ముందే మూసుకుంటోంది. అంటే ముందు రెండుసార్లూ మేం మూసిన తలుపు మీద పెట్టాం. ఆమెలో లోపం లేదు. మా లెక్కలో ఉంది. డాక్టరుగారు ఈసారి ఒక రోజు ముందే పెట్టేలా లెక్క మార్చారు. పద్మ ఊళ్ళో ఆర్ఎంపీ డాక్టరు చేత ప్రొజెస్టిరాన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టించారు. వాటి మొదటి రోజు నుంచి లెక్కపెట్టి పిండం పెట్టే రోజు ఖాయం చేశారు.

ఆ రోజు సూర్యగ్రహణం.

ముందురోజు చివరి స్కానింగుకు వచ్చినప్పుడు పద్మ అత్తగారు డాక్టరుగారిని అడిగిందట. ఆయన నవ్వి, కారెక్కి చిలకలూరిపేట వెళ్ళిపోయారు. అక్కడ ఇంకో ఆసుపత్రిలో ఆయనకు ఆపరేషన్లు ఉంటాయి. ఆమె తిన్నగా నా ల్యాబు తలుపు దగ్గరికి వచ్చింది. జరీ అంచు నేత చీర, ముక్కుకు రెండు పక్కలా పుడకలు, ఎవరికీ తల వంచే అలవాటు లేని మనిషి. నా దగ్గర గొంతు తగ్గించి మాట్లాడింది.

“ఏందమ్మా ఇది? గ్రహణం పూట, అందులోనూ అమాస పూట, కడుపులో పిండం పెడతారా ఎవరన్నా? ఆయనకి చెబితే నవ్వి పోయాడు. రేపు మొర్రి పుడితే ఎవర్ని అడగాలి?”

“పరీక్ష చేసి పెట్టిన టైమండీ అది...” అన్నాను.

“ఒక్క రోజమ్మా. ఒక్క రోజు ఆగితే ఏమవుద్ది? చదువుకున్నదానివి, నువ్వు చెప్పు. ఏదన్నా అయిద్ది అంటే నేనింక నోరెత్తను. నా కోడల్ని తీసుకొచ్చి కూచోబెడతా.”

ఆ మాట మళ్ళీ చదవండి. నేనైతే ఆరేళ్ళుగా చదువుతూనే ఉన్నాను. ఆమె నన్ను బెదిరించలేదు. అడిగింది. ఏదన్నా అయిద్దంటే నోరెత్తను అంది.

ఆమెకు అర్థమయ్యే మాట నా నాలుక చివరే ఉంది. పదును. మాదీ గురజాల వైపే, వ్యవసాయం ఇల్లే. వాన పడ్డాక నేల పదును మీద ఉన్నప్పుడే విత్తనం వేయాలని, పదును దాటిపోతే ఎంత మేలు విత్తనమైనా మొలవదని, మా ఇంట్లో అక్షరం ముక్క రానివాళ్ళకు కూడా తెలుసు. ఎకరాలకు ఎకరాలు పత్తి పెట్టించిన మనిషి ఆమె. “అమ్మా, రేపటితో పదును పోద్ది” అని నేనొక్క మాట అంటే చాలు. గ్రహణం కాదు, నిప్పుల వాన కురిసినా ఆమె కోడల్ని తీసుకొచ్చేది.

నేను నేల చూశాను.

“ఏం కాదు” అన్నాను.

వెనక బల్ల మీద కూర్చున్న పద్మ లేచి వచ్చింది. “నిజంగా ఏం కాదా మేడం?”

“ఏం కాదమ్మా. నేను చెబుతున్నాగా.”

ఎంత సులువుగా అనేశాను! మన మాటల్లో అంత చల్లని మాట ఇంకోటి లేదు. జ్వరం వచ్చిన బిడ్డకూ, ఆపరేషన్ గదిలోకి వెళ్ళే మనిషికీ, చావు బతుకుల్లో ఉన్నవాడికీ అదే మాట చెబుతాం. నేను చెప్పిన ఆ మాట అక్షరాలా జరిగింది. ఏమీ కాలేదు.

మీరిప్పుడు అనుకుంటూ ఉంటారు, సర్పంచి ఇంటివాళ్ళు కదా, పాపం భయపడి ఉంటుంది అని. చాలాకాలం నేను కూడా నాకు అలాగే చెప్పుకున్నాను. అది అబద్ధం. ఇప్పుడు చెప్పబోయేది నేను నాకు కూడా గట్టిగా చెప్పుకోని సంగతి.

అప్పుడు నాకు నెల తప్పింది.

అంతకుముందు రెండుసార్లు నాకూ పోయాయి. మూడోది ఇది. మా ఆయనకూ మా అమ్మకూ తప్ప ఎవరికీ చెప్పలేదు. అమ్మ గురజాల నుంచి వచ్చి మా ఇంట్లోనే ఉంది. “గ్రహణం పూట గడప దాటావో, నీకూ నాకూ మాటల్లేవు” అంది. నేను ఎమ్మెస్సీ చదివాను. గ్రహణానికీ మొర్రికీ సంబంధం లేదని అంతకు వారం ముందే ఒక నర్సుకు పాఠం చెప్పాను, అదీ వెటకారంగా. కానీ రాత్రి పడుకుంటే పొత్తికడుపు మీద చెయ్యి పెట్టుకుని వణికేదాన్ని. తెలిసింది వేరు, నమ్మింది వేరు అని ఎవరైనా అంటే నవ్వేదాన్ని, ఇప్పుడు నవ్వను. సెలవు అడిగాను. ఆ రోజు పిండం పెట్టే పని, ట్రాన్స్‌ఫర్ ఉంది, కుదరదు అన్నారు డాక్టరుగారు. కారణం చెప్పి ఉంటే ఇచ్చేవారేమో. చెప్పలేదు. దిష్టి తగులుతుందని. ఛీ! పిండం పెట్టే గదిలో పనిచేస్తూ నేను దిష్టికి భయపడ్డాను.

ఇంతలో ఆ పెద్దామె వచ్చి, నాకు కావలసింది తనే అడిగింది.

వాళ్ళు వెళ్ళాక డాక్టరుగారికి ఫోన్ చేశాను. ముహూర్తం మాట ఎత్తితే తిడతారని తెలుసు. అందుకని ఇంకోటి చెప్పాను. “సార్, పద్మకి వాళ్ళ ఊళ్ళో ఇంజెక్షన్లు ఒక రోజు ఆలస్యంగా మొదలుపెట్టారంట. ఇప్పుడే చెప్పారు.” “నయం, అడిగి మంచి పని చేశావ్. అయితే ఎల్లుండికి మార్చు” అన్నారాయన. నన్ను మెచ్చుకున్నారు. నా మాట మీద ఆయనకంత నమ్మకం. ఆర్ఎంపీకి ఫోన్ చేసి కనుక్కోలేదు, పద్మను అడగలేదు. ఇంజెక్షన్లు సరిగ్గా మొదలైన సంగతి నాకు తెలుసు. ఒక్క రోజు జరిపితే, ముందు రెండు పిండాలూ ఏ వేళకు పోయాయో సరిగ్గా ఆ వేళకే ఈ మూడోదాన్నీ పెట్టినట్టని నాకు తెలుసు. ఆ ఊరు మొత్తంలో ఆ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

ట్రాన్స్‌ఫర్ వాయిదా వేయించానని అమ్మకు చెప్పాను, అంతే. గ్రహణం పొద్దున్నే పట్టింది. అమ్మ కిటికీలకు దుప్పట్లు కట్టింది. నీళ్ళ బిందె మీద, ఆవకాయ జాడీ మీద దర్భలు వేసింది. నన్ను మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి, కదలొద్దు, గోరు కూడా గిల్లుకోవద్దు అంది. ఆ చీకట్లో పడుకుని నేనేం ఆలోచించానో తెలుసా? కారంపూడి దగ్గర ఒక ఇంట్లో ఇంకొక ఆడది ఇలాగే తలుపులు మూసుకుని పడుకుని ఉంటుంది. ఆమె లోపల మాత్రం తలుపు తెరిచి ఉంది. బుడిపెలు లేచి ఉన్నాయి. ప్రొటీన్లు చేతులు చాచి ఉన్నాయి. రమ్మని పిలుస్తున్నాయి. ఎవరూ రావడం లేదు. ఆమె ఒంటికి తెలియదు ఎందుకు రావడం లేదో. నాకు తెలుసు.

మధ్యాహ్నానికి ముందే గ్రహణం విడిచింది. అమ్మ దుప్పట్లు తీసి, విడుపు స్నానం చేయించి, వేడి అన్నం పెట్టింది. అప్పటికీ వేళ మించిపోలేదు. సాయంత్రంలోగా పిండాన్ని కరిగించి పెట్టేయవచ్చు. ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. కానీ ఏం చెప్పాలి? నిన్న చెప్పింది అబద్ధం అని చెప్పాలి కదా! ఎందుకు చెప్పావంటే నా కడుపు సంగతి చెప్పాలి. అన్నం ముందు కూర్చుని అలాగే ఫోన్ పట్టుకుని ఉన్నాను. అమ్మ “ఎవరికే ఫోను? ముందు తిను” అంది. తిన్నాను. ఆకలేసింది కూడా. అది నన్ను నేను క్షమించుకోలేని ముక్క.

గ్రహణం మొదలయ్యే ముందు అయితే, భయపడిందని అనుకోవచ్చు. విడిచాక కూడా ఊరుకున్నదాన్ని ఏమనాలి?

మర్నాడు వాళ్ళు తలంటి పోసుకుని, గుడికి వెళ్ళి, కుంకుమ బొట్లతో వచ్చారు. పిండాన్ని కరిగించి సూక్ష్మదర్శిని కింద పెట్టాను. కొన్ని పిండాలు కరిగించాక ముడుచుకుని అలాగే ఉండిపోతాయి. ఇది చూస్తుండగానే నీళ్ళు పట్టి, ఉబ్బి, పెంకు చీల్చుకోవడానికి ఒక పక్క నుంచి బయటికి తోసుకొస్తోంది. నా పదేళ్ళ పనిలో అంత అందమైన పిండాన్ని చూడలేదు. చూడకపోయినా బాగుండేది.

లోపలికి తీసుకెళ్ళే ముందు ఒక పద్ధతి ఉంటుంది. పొరపాటు జరక్కుండా, ఆమె పేరు ఆమె నోటితోనే చెప్పించాలి. అడిగాను. బల్ల మీద పడుకునే తన పేరూ భర్త పేరూ గట్టిగా చెప్పి, చేతులు జోడించింది. దేవుడికి అనుకున్నాను. కాదు, నాకు. సన్నటి గొట్టంలోకి పిండాన్ని నా చేత్తో తీసి డాక్టరుగారికి అందించాను. స్కానింగు తెర మీద చిన్న తెల్ల మెరుపు కనిపించింది. “అదేనా మేడం?” అంది పద్మ. “అదే” అన్నాను. “నిలబడమ్మా, నా తల్లివి కదూ” అని తెరతో అంది. నా చెయ్యి వణకలేదు. మీకు అన్నీ చెబుతున్నాను కదా, ఇది కూడా రాసుకోండి. అసలు వణకలేదు.

రక్తపరీక్షలో ఏమీ రాలేదు. పిండం అతుక్కుని ఉంటే ‘నేనొచ్చాను’ అని తల్లి రక్తంలోకి ఒక హార్మోను వదులుతుంది. ఆ జాడ లేశమైనా లేదు.

అసలు తప్పు అప్పటికీ పూర్తి కాలేదు. డాక్టరుగారు వాళ్ళను కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పారు. పిండం మేలైనది. పరీక్ష చేసి సరైన వేళకే పెట్టాం. అయినా నిలవలేదంటే లోపం గర్భాశయంలోనే ఉంది. ఇక ప్రయత్నించి లాభం లేదు. ఆయన మాటలో తప్పు లేదు. తనకు తెలిసినదాన్ని బట్టి ఆయన సరిగ్గానే తేల్చారు. తెలిసినదే అబద్ధం. నేను గది మూల నిలబడి ఉన్నాను. అత్తగారు కోడలి వంక చూడటం మానేసి గోడ వంక చూసింది. ఆ చూపు మారడం నేను కళ్ళారా చూశాను. అప్పుడైనా ఒక్క అడుగు ముందుకు వేసి ఉండొచ్చు. అప్పటికి నాకు వేవిళ్ళు మొదలయ్యాయి. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని బయటికి వెళ్ళిపోయాను.

ఆ రోజు సరిగ్గా పెట్టినా నిలిచేదని ఎవరూ ఖాయంగా చెప్పలేరు. ఈ విద్యలో ఉన్నవాళ్ళు ఎవర్నైనా అడగండి, అదే చెబుతారు. నేను కూడా రాత్రిళ్ళు నాకు అదే చెప్పుకుంటాను. మరి నిద్ర ఎందుకు రాదు? బిడ్డను తీశానో లేదో నాకు తెలియదు. కానీ ఆమె గర్భం మీద వేసిన ఆ ముద్ర మాత్రం నాదే. అది మంచి గర్భం. వేళకు తెరుచుకుంది, వేళకు పిలిచింది.

ఏడాది తిరక్కుండా ఆమె భర్తకు ఇంకో పెళ్ళి చేశారని విన్నాను.

నాకు పాప పుట్టింది. మోసినన్నాళ్ళూ ప్రతి స్కానింగులో పెదవి వైపే చూశాను. గ్రహణానికి భయపడి కాదు. ఇంకో రకంగా ఏదో వస్తుందని. ఏమీ రాలేదు. చక్కగా ఉంది. మరి నాకెందుకు ఇప్పటికీ ఏదో రావలసింది రాలేదని అనిపిస్తుంది? పాపకు కాస్త ఒళ్ళు వెచ్చబడితే చాలు, వచ్చింది అనుకుంటాను.

పోయిన జూన్‌లో పాపను కొత్త స్కూల్లో వేశాం. మొదటి రోజు బస్సు వచ్చి ఆగింది. పిల్లల్ని ఎక్కించే ఆయా కిందికి దిగింది.

“మేడం గారూ! మీరా!” అంది. “నేను పద్మనండీ. గుర్తున్నానా?”

చిక్కిపోయింది. నవ్వు మాత్రం అదే. పుట్టింట్లో ఉండలేక నరసరావుపేటకు వచ్చిందట, ఒక్కతే ఉంటోందట. నా పాపను ఎత్తుకుని, “మీ పాపేనా? అచ్చం మీ నోరేనండీ” అంది. తర్వాత, “ఆ రోజుల్లో నన్ను మనిషిలా చూసింది మీరొక్కరే. ఏం కాదని ఎంత చల్లగా చెప్పారో, అది నేను మర్చిపోను” అంది. బస్సు వెళ్ళిపోయింది. ఆ రోజు సాయంత్రం బస్సు తిరిగొచ్చేదాకా నేను గేటు దగ్గరే నిలబడ్డాను.

స్కూలు మార్చేయొచ్చు. మార్చలేదు. ఎందుకో చెప్పమంటే చెప్పలేను. పాప ఆమెను పెద్దమ్మ అంటుంది. ఆమె జడ వేయందే కదలదు. మొన్న అన్నం తింటూ తింటూ, “అమ్మా, పద్మ పెద్దమ్మకి పిల్లలెందుకు లేరు?” అని అడిగింది. నా భర్త, “దేవుడు ఇవ్వలేదమ్మా” అన్నాడు. నేను కంచం తీసుకుని వంటింట్లోకి పోయాను. అందుకే ఇది రాస్తున్నాను. నేను చేసింది దేవుడి మీదికి కూడా పోయింది, అది మాత్రం నేను మోయలేను.

పద్మకు చెబుతానా? తెలియదు. చెబితే ఆమెకు ఏం మిగులుతుంది? తన గర్భం మంచిదని తెలుస్తుంది, ఇంక దాంతో పని లేకుండా పోయాక. చెప్పకపోతే తనే గొడ్డుదాన్నని నమ్ముతూ బతుకుతుంది. రెండూ నేను పెట్టిన దారులే. ఇది మీకు రాశాక గుండెలో కొంచెం గాలి ఆడుతోంది. అంతకన్నా ఏమీ అడగను. మీరు క్షమించినా అది మీది కాదు, ఇవ్వడానికి.

ఇవాళ సాయంత్రం పాప బస్సు దిగుతూ జారిపడింది. మోకాలు గీసుకుని నెత్తురు వచ్చింది. నేను రెండడుగుల దూరంలో ఉన్నాను, కాలు కదల్లేదు. పద్మ దూకి వచ్చి, పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, తన కొంగుతో నెత్తురు అద్ది, దెబ్బ మీద ఊదింది. పాప ఏడుపు ఆపి, నా వైపు కాదు, ఆమె వైపు చూసింది.

“ఏం కాదు బంగారం” అంది పద్మ. “ఏం కాదు. నేను చెబుతున్నాగా.”